రోహిణి రాకముందే బానెట్ ఎత్తి చూడండి

ఉగాది దాటగానే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలన్నీ ఎండ చుట్టూనే తిరుగుతాయి. రామగుండం, కొత్తగూడెం, రెంటచింతల, మా విజయవాడ... రోహిణి కార్తెలో ఈ ఊళ్లలో 45 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. అయితే వేసవిలో ఆటోనగర్‌లోని మా షెడ్డుకు వచ్చే బళ్లను చూస్తే నాకు బాధ కలిగించేది వేరే విషయం. కేవలం ఎండవల్ల చెడిన బండి తక్కువ. ఎప్పుడో మొదలైన చిన్న లోపానికి కారణం వెతకకుండా పైపైన సర్దేసి తిప్పుతున్న బళ్లే ఎక్కువ. ఈ నెల ఉత్తరాల్లోనూ అలాంటి సర్దుబాట్లే కనిపించాయి. వాటికే జవాబులు రాస్తున్నాను.

మేస్త్రీగారూ, నాది తొమ్మిదేళ్ల నాటి చిన్న పెట్రోలు కారు. కిందటి వేసవిలో ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంటే మెకానిక్ థర్మోస్టాట్ వాల్వ్ తీసేశాడు. ముల్లు దిగింది గానీ మైలేజీ పడిపోయింది. ఇప్పుడు హైవే మీద మళ్లీ లేస్తోంది. వారానికోసారి అర లీటరు బోరు నీళ్లు పోస్తున్నాను. ఇంజిన్ విప్పించాలా? – ఒక ఉపాధ్యాయుడు, ఖమ్మం

మాస్టారూ, ఇంజిన్ విప్పే మాట తర్వాత చూద్దాం. ముందు ఆ వాల్వ్ తిరిగి పెట్టించండి. అది చలిదేశాల కోసం పెట్టిన భాగమనీ, మన ఎండలకు అక్కర్లేదనీ మన దగ్గర చాలా షెడ్లలో ఒక నమ్మకం ఉంది. అది పొరపాటు. ఇంజిన్ 82 నుంచి 90 డిగ్రీల దాకా వేడెక్కేవరకు నీటిని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపి, ఆ తర్వాత దారి తెరవడం దాని పని. ఇంజిన్‌ను తయారుచేసింది ఆ వేడిలో నడవడానికే. వాల్వ్ లేకపోతే ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోయిస్తుంది. మీ మైలేజీ పోయింది అందుకే. ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరి కాక అడుగున జిడ్డులా పేరుకుంటుంది. పైగా కొన్ని ఇంజిన్లలో ఆ వాల్వే పక్కదారిని కూడా మూస్తుంది. దాన్ని తీసేస్తే కొంత నీరు రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి తిరిగిపోతుంది. ఇంజిన్ మీద బరువు పడినప్పుడు ముల్లు లేవడానికి అదొక కారణం.

ముల్లు ఎప్పుడు లేస్తోందన్నది గమనిస్తే సగం రోగం తెలిసిపోతుంది. ఆగి ఉన్నప్పుడో ట్రాఫిక్‌లోనో లేచి, బండి కదలగానే దిగితే రేడియేటర్‌కు గాలి అందడం లేదని అర్థం. ఫ్యాన్ మోటారు, దానికి కరెంటు కలిపే స్విచ్ లాంటి రిలే, ఫ్యూజు చూడాలి. హైవే మీద ఎదురుగాలి ఉన్నా లేస్తుంటే నీటి ప్రవాహమే సరిగా లేదు. రేడియేటర్ గొట్టాలు పూడుకుని ఉండాలి, లేదా వాటర్ పంపు రెక్కలు అరిగి ఉండాలి, లేదా నీళ్లే తక్కువై ఉండాలి. మీకు కిందటేడు మొదటిది ఉండేది, ఈ ఏడు రెండోది వచ్చింది. నాకు తోస్తున్నది ఇది: కిందటేడు ఫ్యాన్‌లో ఉన్న లోపాన్ని చూడకుండా వాల్వ్ తీశారు. తర్వాత పోసిన బోరు నీళ్లు రేడియేటర్‌లో సున్నపు పొర కట్టాయి.

ఆ అర లీటరు ఎక్కడికి పోతోందన్నది ఇంకా పెద్ద ప్రశ్న. మూసి ఉన్న వ్యవస్థలో వారానికి అర లీటరు తగ్గకూడదు. హోస్ పైపుల క్లిప్పులు, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అంచులు, వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం చూపించండి. ముందు సీటు కింది మ్యాటు తడిగా ఉండి, తీపి వాసన వస్తుంటే క్యాబిన్‌కు వేడినిచ్చే చిన్న రేడియేటర్, అంటే హీటర్ కోర్, కారుతోందని గుర్తు. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వస్తున్నా, ఆయిల్ మూత కింద కాఫీ రంగు నురగ కనిపించినా ఇంజిన్ పైభాగమైన హెడ్ కింద బిగించే పొరను, అంటే హెడ్ గ్యాస్కెట్‌ను, అనుమానించాలి. అప్పుడు మాత్రం విప్పక తప్పదు. షెడ్డులో రేడియేటర్‌కు చేతిపంపుతో ప్రెషర్ పట్టి చూస్తే, విప్పకుండానే లీకు ఎక్కడుందో దాదాపుగా తేలిపోతుంది.

రేడియేటర్ మూతను ఎవరూ పట్టించుకోరు. ప్రెషర్ కుక్కర్‌కు మూత ఎంతో దీనికి ఇది అంత. లోపల ఒత్తిడి నిలబెట్టి నీరు మరిగే స్థాయిని పెంచుతుంది. దాని మీద 0.9 అనో 1.1 అనో ముద్రించి ఉంటుంది. 1.1 మూత బిగువుగా ఉంటే ఉత్త నీరు కూడా 120 డిగ్రీల దగ్గరగానీ మరగదు. రబ్బరు గట్టిపడి ఒత్తిడి నిలవకపోతే 100 డిగ్రీలకే బుడగలు మొదలవుతాయి. చాలా చవకైన భాగం ఇది. అదే అంకె ఉన్న మూతనే కొనండి.

ఇవన్నీ సరయ్యాక రేడియేటర్ శుభ్రం చేయించి, కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కలిపి పోయించండి. సీసా మీద 'రెడీ మిక్స్' అని ఉంటే నీళ్లు కలపకూడదు. కూలెంట్ తుప్పును ఆపుతుంది, మరిగే స్థాయిని ఇంకా పెంచుతుంది. రంగు చూసి కొనవద్దు. ఒకే ఆకుపచ్చలో రెండు వేర్వేరు రసాయనాలు ఉండవచ్చు, అవి కలిస్తే ముద్ద కట్టవచ్చు. మీ బండి పుస్తకంలో ఏ రకం రాసి ఉందో అదే వాడండి.

ఈలోపు దారిలో ముల్లు లేస్తే వెంటనే ఏసీ ఆపండి. హీటర్‌ను పూర్తిగా వేడివైపు తిప్పి, ఫ్యాన్ జోరుగా పెట్టి అద్దాలు దించండి. మీకు ఉక్కపోస్తుంది గానీ ఇంజిన్ వేడి కొంత క్యాబిన్‌లోకి వచ్చేస్తుంది. మొదటి వీలైన చోట పక్కకు ఆపండి. ఆవిరి రాకుండా, నీళ్లు కారకుండా ఉంటే ఫ్యాన్ తిరిగేందుకు ఇంజిన్‌ను రెండు నిమిషాలు అలాగే నడవనివ్వండి. ఆవిరి వస్తున్నా, ముల్లు ఎరుపు దాటినా వెంటనే ఆపేయండి. మూత జోలికి అరగంట, ముప్పావుగంట దాకా వెళ్లవద్దు. లోపలి నీరు ముఖం మీదికి చిమ్మి కళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. కాలుతున్న ఇంజిన్ మీద చల్లటి నీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగులుతుంది. ఇంకో పది కిలోమీటర్లే కదా అని లాగితే మాత్రం ఇంజిన్ పట్టేస్తుంది.

ఏటా మార్చిలో ఏసీ గ్యాస్ నింపిస్తాను. రోడ్డు మీద బాగా చల్లగా ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగాలి వస్తుంది. ఈసారి ఇంకొంచెం ఎక్కువ గ్యాస్ పెట్టించమంటారా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

వద్దమ్మా. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. ఏడాదికోసారి తగ్గుతోందంటే ఎక్కడో కారుతోంది. గ్యాస్‌తోపాటు కంప్రెసర్‌ను తడిపే ఆయిల్ కూడా కొంత పోతుంది. ఇలా కొన్నేళ్లు సాగితే కంప్రెసర్ ఎండి పట్టేస్తుంది. అప్పుడు అయ్యే ఖర్చు ఇన్నేళ్లూ గ్యాస్‌కు పెట్టిన దానికన్నా చాలా ఎక్కువ. ముందు నైట్రోజన్ పట్టి లీకు కనిపెట్టాలి. ఆ ఓరింగో పైపో మార్చాలి. వాక్యూమ్ చేసి లోపలి తేమ లాగేయాలి. ఆ తర్వాతే గ్యాస్, అదీ తూకం ప్రకారం. చిన్న కార్లలో ఆర్-134ఏ గ్యాస్ సుమారు 400 నుంచి 500 గ్రాముల దాకా పడుతుంది. సరైన తూకం బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. ఎక్కువ పెడితే చల్లదనం పెరగదు సరికదా, ఒత్తిడి పెరిగి కంప్రెసర్ మీద భారం పడుతుంది.

మీ బండి లక్షణం చూస్తే నాకు గ్యాస్ కన్నా ముందు ఫ్యాన్ మీదే అనుమానం. ఏసీ వేడిని బయటికి పారేసే కండెన్సర్ రేడియేటర్‌కు ముందు ఉంటుంది. బండి కదిలితే గాలి దానంతటదే తగులుతుంది, ఆగితే ఫ్యానే దిక్కు. ఇంజిన్ నడుస్తుండగా ఏసీ వేసి, బానెట్ ఎత్తి, చేతులూ చున్నీ దూరంగా ఉంచి ఫ్యాన్ తిరుగుతోందో లేదో మీరే చూడవచ్చు. కండెన్సర్ రెక్కల మధ్య పురుగులు, దూది, ఎండుటాకులు చేరితే మామూలు పైపుతో మెల్లగా కడిగించండి. కార్ వాష్‌లో జోరుగా కొట్టే గన్నును దగ్గర పెడితే రెక్కలు వంగిపోతాయి. డ్యాష్‌బోర్డు అర వెనక క్యాబిన్ ఫిల్టర్ ఉంటుంది, దాన్నీ తీసి చూడండి. మన దుమ్ముకు అది త్వరగా నిండిపోతుంది.

ఎండలో నిలిచిన బండి ఎక్కగానే తలుపులు, అద్దాలు తీసి లోపలి వేడిని బయటికి పోనిచ్చి, ఒకటి రెండు నిమిషాలు నడిపాక అద్దాలు మూయండి. ఆ తర్వాత లోపలి గాలే తిరిగే మీట నొక్కండి. చల్లదనంలో తేడా మొదటిరోజే తెలుస్తుంది.

సూర్యాపేట నుంచి వారానికి రెండుసార్లు హైదరాబాద్ వెళ్తాను. ఎండాకాలం టైర్లలో గాలి వేడికి ఉబ్బి పేలుతుందని మూడు పాయింట్లు తగ్గించమంటున్నారు. నైట్రోజన్ పట్టిస్తే ఆ భయం ఉండదంటున్నారు. ఏది నిజం? – ఒక వ్యాపారి

తగ్గించారా, పేలుడును మీరే పిలిచినట్టు. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టులోనూ పక్కగోడల దగ్గర ఎక్కువగా నలుగుతుంది. ఆ నలుగుడు నుంచే వేడి పుడుతుంది. 65వ నంబరు జాతీయ రహదారి మీద గంటకు 100 వేగంతో, వెనక సరుకు బరువుతో ఆ వేడి పెరిగిపెరిగి లోపలి పొరలు విడిపోతాయి. టైరు చీలేది అప్పుడు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఒత్తిడి పెరిగేది సుమారు 1.5 పాయింట్లు (పీఎస్ఐ) మాత్రమే. ఆ పెరుగుదలను లెక్కలో పెట్టుకునే కంపెనీ గాలి అంకె ఇస్తుంది.

డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. అక్కడ రెండు అంకెలు ఉంటే నిండు బరువుకు ఇచ్చిన పెద్ద అంకె మీది. పొద్దున్నే, బండి కదలకముందు లేదా రెండు మూడు కిలోమీటర్లలోపే కొట్టించండి. మధ్యాహ్నం దారిలో చూస్తే 33 ఉన్నది 37 చూపిస్తుంది. కంగారుపడి వదలకండి. స్టెప్నీనీ మరవకండి. నైట్రోజన్ వల్ల నష్టమేమీ లేదు, గాలి కాస్త నెమ్మదిగా తగ్గుతుంది. అయితే మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. దానికోసం వెతుక్కుంటూ గాలి చూపించుకోవడం వాయిదా వేయడం మాత్రం ప్రమాదం.

ఇంకొకటి, టైరు వయసు. పక్కగోడ మీద 'డాట్' తర్వాతి అక్షరాల చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాట్లు లోతుగా ఉన్నా, ఆరేళ్లు దాటి పక్కన సన్నటి పగుళ్లు కనిపిస్తే ఎండలో హైవే మీదికి తీసుకెళ్లవద్దు. గాట్ల మధ్య ఉండే చిన్న దిమ్మెలతో టైరు సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినట్టు, అక్కడితో దాని పని సరి. ఎంత జాగ్రత్తపడ్డా టైరు పేలితే బ్రేకు మీద కాలు వేయకండి. స్టీరింగ్‌ను రెండు చేతులతో తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, వేగం దానంతటది తగ్గాక పక్కకు తీయండి.

మే నెలలో ఏడుగురం సొంత బండిలో తిరుమల వెళ్తున్నాం. ఘాట్ రోడ్డు నడపడం ఇదే మొదటిసారి. – పలమనేరు

ఎక్కడం కన్నా దిగడం గురించే నాకు బెంగ. అలిపిరి నుంచి ఎక్కేటప్పుడు చిన్న గేరులో, ఇంజిన్ ఈడ్వకుండా నడపండి. ముల్లు కదిలితే ఏసీ ఆపండి, చాలు. దిగే దారి 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు, మలుపులు ఇరుకు. ఏ గేరులో ఎక్కగలరో ఆ గేరులోనే దిగండి. ఆటోమేటిక్ అయితే ఎల్ గానీ మాన్యువల్ మోడ్ గానీ వాడండి. న్యూట్రల్‌లో వేసి పెట్రోలు మిగల్చాలన్న ఆలోచన ఏడుగురున్న బండిలో రానివ్వకండి. దిగినంతసేపూ కాలు బ్రేకు మీదే ఉంచితే ప్యాడ్లు కాలి బ్రేకు పట్టు తగ్గుతుంది, ఆయిల్ మరిగితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. కొత్త డాట్-4 బ్రేక్ ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్న పాతది 155 దగ్గరే మరగవచ్చు. రెండేళ్లు దాటితే బయలుదేరకముందే మార్పించండి. మాడు వాసన వస్తే వెడల్పు చోట ఆపి ఆరనివ్వండి, చక్రాల మీద నీళ్లు చల్లకండి.

పాప కారులో నిద్రపోతుంటుంది. ఏసీ వేసి, తాళం వేసి ఐదు నిమిషాలు షాపులోకి వెళ్లివస్తే ఫరవాలేదు కదా? – కరీంనగర్ నుంచి ఒక తల్లి

ఫరవాలేదు అని నేను రాయలేను తల్లీ. పాపను ఎత్తుకునే వెళ్లండి. ఇంజిన్ ఆగిపోవచ్చు, కంప్రెసర్ కట్ కావచ్చు, నిద్రలేచిన పాప గేరు లాగవచ్చు. ఏసీ ఆగిందంటే మొదటి పది నిమిషాల్లోనే లోపలి వేడి దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది. బయట 40 ఉన్నరోజున ఆ పది నిమిషాలు చాలా ఎక్కువ. అద్దం కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. పసిపిల్లల శరీరం పెద్దల శరీరంకన్నా మూడు నుంచి ఐదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది.

ఈ మాట మీకే కాదు, ఇంటి ముందు కారు నిలిపే ప్రతి ఒక్కరికీ చెప్పాలి. 2025 మే నెలలో విజయనగరం జిల్లా ద్వారపూడిలో ఆడుకుంటూ ఆగి ఉన్న కారు ఎక్కిన నలుగురు పిల్లలు తలుపులకు లాక్ పడిపోయి లోపలే చనిపోయారు. అంతకు నెల ముందు చేవెళ్ల దగ్గర ఇద్దరు ఆడపిల్లలు అలాగే పోయారు. రెండూ వేసవి రోజులే. వాడని బండికి తాళం వేసే ఉంచండి, తాళంచెవి పిల్లలకు అందని చోట పెట్టండి. చైల్డ్ లాక్ ఉంటే వెనక తలుపులు లోపలి నుంచి తెరుచుకోవు, ముందు సీటులోకి పాకి ఆ తలుపు తీయాలని పిల్లలకు చేసి చూపించండి. చాలా కార్లలో ఇంజిన్ ఆపినా హారన్ మోగుతుంది. చిక్కుకుంటే హారన్ మీద చేయి తీయవద్దని నేర్పండి. పిల్లలు కనబడకపోతే బావితో పాటు కారునూ మొదటే వెతకండి.

ఎండాకాలం ట్యాంకు నిండా కొట్టిస్తే పేలుతుందని ఇండియన్ ఆయిల్ హెచ్చరించిందట. – కావలి

ఆ సందేశం ఏటా తిరుగుతుంది. తాము అలా చెప్పలేదని ఇండియన్ ఆయిలే ఖండించింది. వ్యాకోచానికి చోటు వదిలే ట్యాంకు తయారుచేస్తారు. గన్ను టక్కున ఆగాక ఇంకా కొంచెం అని కొట్టించకుండా ఉంటే చాలు. అంతకన్నా నిజమైన ముప్పు బండి లోపలే ఉంటుంది. గ్యాస్ లైటర్లు, సెంటు డబ్బాలు, పవర్ బ్యాంకు డ్యాష్‌బోర్డు మీద ఎండకు వదలకండి. రిలే లేకుండా అతికించిన అదనపు లైట్లు, హారన్ల వైరింగు తీయించండి. సీఎన్‌జీ బండి అయితే సిలిండర్‌కు మూడేళ్లకోసారి నీటి ఒత్తిడితో చేయించాల్సిన హైడ్రో పరీక్ష గడువు దాటిందేమో పలక మీద చూసుకోండి.

ఇంజిన్‌కు వేసవిలో చిక్కటి ఆయిల్ మంచిదా? – తణుకు

పుస్తకంలో 5డబ్ల్యూ-30 అని ఉంటే అదే పోయండి. రెండో అంకె 100 డిగ్రీల దగ్గర ఉండే చిక్కదనానికి గుర్తు. ఇంజిన్ లోపలికి ఎండాకాలమైనా చలికాలమైనా ఒకటే. గడువుకు మార్చడమే ముఖ్యం.

నేనూ మా వారూ నాలుగు నెలలు అమెరికాలో అబ్బాయి దగ్గర ఉండి వస్తాం. కారు అపార్టుమెంటులో ఎండ పడే చోట ఉంటుంది. ఏం చేయాలి? – గుంటూరు

అమ్మా, అన్నిటికన్నా మంచి మార్గం నమ్మకమైన బంధువుకు తాళం ఇచ్చి వారానికోసారి అరగంట నడపమనడం. ఊరికే స్టార్ట్ చేసి ఐదు నిమిషాల్లో ఆపేస్తే బ్యాటరీకి మేలు కన్నా కీడే ఎక్కువ. అలాంటివారు లేకపోతే బ్యాటరీ నెగటివ్ వైరు తీయించి వెళ్లండి. బ్యాటరీని చలి కన్నా వేడే త్వరగా చంపుతుంది. నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటర్ గీత దాకా నింపించి, టెర్మినల్స్ మీది తెల్లటి పొడి కడిగించి వాసెలిన్ రాయించండి. తిరిగొచ్చాక ఇంజిన్ ఆపి ఉండగా 12.6 వోల్టుల దగ్గర, నడుస్తుండగా 14 దగ్గర చూపితే బ్యాటరీ, దాన్ని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ రెండూ బాగున్నట్టే.

హ్యాండ్ బ్రేకు లాగి నెలల తరబడి అలాగే ఉంచేస్తే ప్యాడ్లు పట్టేస్తాయి. సమతలమైన చోట గేరులో వేసి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టించండి. టైర్లలో రెండు మూడు పాయింట్లు ఎక్కువ గాలి కొట్టించండి, నాలుగు నెలల్లో ఎలాగూ తగ్గుతుంది. వైపర్లను అద్దం మీద నుంచి ఎత్తి పెట్టండి. కవరు కప్పేటప్పుడు బండి పూర్తిగా ఆరి ఉండాలి, లోపల తినే వస్తువు ఒక్కటీ ఉండకూడదు. బిస్కెట్ ముక్క వాసనకు వచ్చిన ఎలుకలు వైర్లు కొరికితే ఆ మరమ్మతు తలనొప్పి మామూలుది కాదు. వచ్చిన రోజున వెంటనే తాళం తిప్పకండి. మొదట బానెట్ ఎత్తి వైర్లు, పైపులు చూడండి, కింద నేల మీద మరకలున్నాయేమో చూడండి. కూలెంట్, ఆయిల్, బ్రేక్ ఆయిల్ మట్టాలు సరిచూసుకున్నాకే స్టార్ట్ చేసి, మొదటి మలుపు దాకా నెమ్మదిగా వెళ్లి బ్రేకు పరీక్షించండి. వైపర్ రబ్బర్లు ఎండకు బిరుసెక్కి ఉంటాయి కాబట్టి వానలు ముదరకముందే కొత్తవి వేయించుకోండి.